జంతువుల షెల్టర్‌లో చిన్నపిల్లల క్లాస్: మా అనుభవం

మా బాబుకి నాలుగేళ్లు. జంతువులంటే ప్రాణం. ఆ ప్రాణంతోనే మా పిల్లిని గట్టిగా వాటేసుకుని ఊపిరాడనివ్వడు. వద్దంటే "నాకు ఇష్టం కదమ్మా" అంటాడు. అందుకే ఈ గంట క్లాస్‌కి తీసుకెళ్లాను.

ముందు కుక్కల ఫొటోలు చూపించారు. పళ్లు బయటపెట్టి గుర్రుమంటున్న కుక్కని చూసి మావాడు "నవ్వుతోంది" అన్నాడు. నా గుండె ఝల్లుమంది. ఈ వయసు పిల్లల్లో చాలామంది అలాగే పొరబడతారట. కుక్క మాటిమాటికీ పెదాలు నాక్కున్నా, మొహం పక్కకి తిప్పుకున్నా ఇబ్బంది పడుతోందని అర్థం అని చెప్పారు. అది నాకూ తెలీదు.

తర్వాత కుందేళ్లు. ఎత్తుకోకూడదు. నేలమీద కూర్చుని చెయ్యి చాపి ఉంచాలి, అది వస్తేనే నిమరాలి. ఒకటి వచ్చింది. అక్కడి అక్క దాని ఒంటికి స్టెతస్కోప్ ఆనించి మావాడి చెవులకి పెట్టింది. కాసేపు విని, "అమ్మా, ఇది పరిగెడుతోందా?" అన్నాడు. కుందేలేమో కదలకుండా కూర్చుని ఉంది. దాని గుండె నిమిషానికి రెండొందల సార్లు కూడా కొట్టుకుంటుందనీ, భయం వేసినా కుందేలు మామూలుగా అరవదు, అలాగే బిగుసుకుపోతుందనీ అక్క చెప్పింది. నిమురుతున్న చేతిని వాడంతట వాడే వెనక్కి తీసుకున్నాడు. "జాలి చూపించు" అని ఇంట్లో నేను ఎన్నిసార్లు చెప్పానో! ఆ చప్పుడు చెప్పినట్టు నేను చెప్పలేకపోయాను.

ఒక్క విషయం మాత్రం నచ్చలేదు. పదిహేనుమంది పిల్లలకి రెండే కుందేళ్లు. చివర్లో గోధుమరంగుది మూలకి తిరిగి కూర్చున్నా ఇంకా పిల్లల్ని పంపుతూనే ఉన్నారు. నేర్పేదానికి అది పూర్తిగా విరుద్ధం. నిర్వాహకులకి చెప్పాను, బ్యాచ్ చిన్నది చేస్తామన్నారు. చేస్తే మళ్లీ తప్పకుండా వెళ్తాం. మీరు వెళ్తే పిల్లల్ని వదిలేసి బయట కూర్చోకండి, పక్కనే ఉండి వినండి.

మర్నాడు పొద్దున మా పిల్లి కిటికీ దగ్గర పడుకుని ఉంది. మావాడు కాస్త దూరంలో కూర్చుని చెయ్యి నేలమీద పెట్టాడు. అది తోక ఒకసారి విదిలించింది, రాలేదు.

"దానికి ఇప్పుడొద్దంట" అని లేచి వచ్చేశాడు.