ఫైబర్ ఛానెలా, ఐస్కజీయా: కర్నూలులో ఏది మేలు?

గాయత్రీ ఎస్టేట్‌లో ఆసుపత్రులు, స్కానింగ్ సెంటర్లు నడిపేవారు తరచుగా అడిగే ప్రశ్న ఇది: "మూడు సర్వర్లకు కలిపి ఒక స్టోరేజీ కొంటున్నాం. ఫైబర్ ఛానెల్ తీసుకోమంటున్నారు, ఐస్కజీ సరిపోదా?" ఇంజనీరింగ్ కాలేజీల నుంచి కూడా ఇదే ప్రశ్న వస్తోంది. కొటేషన్లలో కనిపించే రెండు మాటలు ముందుగా: సర్వర్లను ఉమ్మడి స్టోరేజీతో కలిపే ప్రత్యేక నెట్‌వర్కు శాన్, ఆ స్టోరేజీలో సర్వర్‌కు డిస్కులా కేటాయించే భాగం లన్. శాన్‌ను నడిపే రెండు పద్ధతులే ఫైబర్ ఛానెల్, ఐస్కజీ. రెండు పద్ధతుల్లోనూ సర్వర్‌కు అందేది బ్లాకులే, అంటే డిస్కు మీద ఉండే డేటా ముక్కలే. ఆపరేటింగ్ సిస్టమ్ కంటికి రెండూ సొంత డిస్కులే. ఆ బ్లాకులు ప్రయాణించే దారి మాత్రమే వేరు.

వేగం సంగతి ముందు తేల్చేద్దాం. ఫైబర్ ఛానెల్ సెకనుకు 16, 32, 64 గిగాబిట్ల వేగాల్లో దొరుకుతుంది. ఐస్కజీ నడిచేది మామూలు ఆఫీసు నెట్‌వర్కుల్లో వాడే ఈథర్‌నెట్ మీద, చిన్న సంస్థల్లో ఎక్కువగా 10 గిగాబిట్లు. అంకెలు చూసి చాలామంది ఇక్కడే నిర్ణయానికి వచ్చేస్తారు. కానీ లెక్క వేసి చూడండి. సీటీ స్కాన్‌లో ఒక్కో చిత్రం 512 అడ్డం, 512 నిలువు, చుక్కకు రెండు బైట్లు. అంటే దాదాపు అర మెగాబైటు. ఒక రోగికి 500 చిత్రాలు తీసినా 260 మెగాబైట్లు. 10 గిగాబిట్ల తీగ మీద అది అర సెకను పని కూడా కాదు. బిల్లింగు, పరీక్షల ఫలితాల వంటి డేటాబేసుల పని ఇంకా చిన్నది. నిమిషానికి 7,200 చుట్లు తిరిగే హార్డ్ డిస్కు చెదురుమదురుగా ఉన్న డేటాను సెకనుకు సుమారు వందసార్లు చదవగలదు. అలాంటివి ఎనిమిది పెట్టి, 8 కిలోబైట్ల చొప్పున చదివిస్తే సెకనుకు ఆరు మెగాబైట్ల పైచిలుకు వస్తుంది. ఒక్క గిగాబిట్ తీగే వందకు పైగా మోయగలదు. ఆలస్యం డిస్కుల్లో ఉంటే ఖరీదైన తీగ వేసి లాభం ఏమిటి? ఆ డబ్బుతో ఎస్ఎస్‌డీలు, అంటే తిరిగే భాగాలు లేని వేగమైన డిస్కులు కొనండి.

ఫైబర్ ఛానెల్‌ను తక్కువ చేయడం లేదు. అవతలి పోర్టులో ఖాళీ ఉందని తెలిశాకే ఫ్రేము (డేటా పొట్లం) పంపుతుంది కాబట్టి రద్దీ వల్ల ఫ్రేములు పోవు. ఆఫీసు నెట్‌వర్కుతో దానికి సంబంధమే లేదు. ఎవరో సీసీ కెమెరా తెచ్చి ఆ స్విచ్చికి తగిలించే అవకాశం ఉండదు. డజన్ల కొద్దీ సర్వర్లు, పెద్ద డేటాబేసులు, వాటిని చూసుకునే సిబ్బంది ఉన్న బ్యాంకు డేటా సెంటర్‌కు నేనూ అదే చెబుతాను.

మన ఊళ్లో లెక్క మారేది పరికరం చెడిపోయిన రోజున. ఫైబర్ ఛానెల్ స్విచ్చి గానీ, సర్వర్‌ను దానికి కలిపే హెచ్‌బీఏ కార్డు గానీ పోతే మరొకటి హైదరాబాదు నుంచో బెంగళూరు నుంచో రావాలి. కార్డు చేతికి వచ్చినా పని పూర్తి కాదు. మామూలుగా కొత్త కార్డుతో డబ్ల్యూడబ్ల్యూఎన్, అంటే కార్డు గుర్తింపు సంఖ్య మారుతుంది. దాన్ని స్విచ్చిలో జోనింగ్‌లోనూ (ఏది దేనితో మాట్లాడవచ్చో చెప్పే అమరిక), స్టోరేజీలో లన్ అనుమతుల్లోనూ సరిచేయాలి. అది తెలిసిన మనిషి కర్నూలులోనూ, అనంతపురంలోనూ, కడపలోనూ అర్ధరాత్రి దొరకడం కష్టం. ఐస్కజీలో సర్వర్‌ను గుర్తించే ఐక్యూఎన్ పేరు సాఫ్ట్‌వేర్‌లో ఉంటుంది, కార్డులో కాదు. కొత్త నెట్‌వర్క్ కార్డు పెట్టి పాత ఐపీ అడ్రసు ఇస్తే మళ్లీ కలుస్తుంది. నెట్‌వర్కులు చదివిన కుర్రవాడు ఎవరైనా పింగ్ కొట్టి (అవతలి యంత్రం పలుకుతోందో లేదో చూసి) లోపం ఎక్కడుందో పట్టగలడు. ఇంకో మాట: 10 గిగాబిట్ పోర్టులు రాగి తీగవి, అంటే ఆర్‌జే45వి తీసుకోండి. స్విచ్చి పోయిన రాత్రి ఊళ్లో దొరికే మామూలు గిగాబిట్ స్విచ్చి పెట్టినా ఆ పోర్టుల్లో చాలావరకు ఆ వేగానికి దిగి పనిచేస్తాయి. నెమ్మదిగానైనా ఉదయం ఓపీ ఆగదు.

అందుకే నా ఓటు ఐస్కజీకి. అయితే ఒక షరతు, దీనిలో రాజీ వద్దు: స్టోరేజీకి స్విచ్చిలు విడిగా ఉండాలి, రెండు ఉండాలి, ఒక్కో సర్వర్ నుంచి రెంటికీ తీగ వెళ్లాలి, మల్టీపాత్ (ఒక దారి పోతే రెండో దారి వాడుకునే ఏర్పాటు) ఆన్ చేయాలి. ఆఫీసు కంప్యూటర్లు, కెమెరాలు ఉన్న స్విచ్చి మీదే ఐస్కజీ నడిపి, అది పనికిరాదని తిట్టడం అన్యాయం. జంబో ఫ్రేములు (మామూలు 1500 బైట్ల కన్నా పెద్ద పొట్లాలు) పెడితే సర్వర్, స్విచ్చి, స్టోరేజీ మూడింటిలోనూ పెట్టండి. ఒక్కచోట 1500 మిగిలిపోతే పింగ్ వెళ్తుంది, లాగిన్ అవుతుంది, పెద్ద ఫైలు కాపీ చేసేటప్పుడు మాత్రం నిలిచిపోతుంది. ఏ పద్ధతి ఎంచుకున్నా, క్లస్టర్ ఫైల్ సిస్టమ్ (పలు సర్వర్లు ఒకే డిస్కులో రాసేలా సమన్వయం చేసేది) లేకుండా ఒకే లన్‌ను రెండు సర్వర్లకు ఇవ్వకండి. రెండూ రాయడం మొదలుపెడితే డేటా పాడవుతుంది.

మిగిలినవి క్లుప్తంగా. ఈథర్‌నెట్ మీద నడిచే ఫైబర్ ఛానెల్ అయిన ఎఫ్‌సీఓఈకి ప్రత్యేకమైన స్విచ్చిలు కావాలి, చిన్న సంస్థలకు అనవసరం. మామూలు నెట్‌వర్కు (టీసీపీ) మీద నడిచే ఎన్‌వీఎంఈ, అంటే ఫ్లాష్ డిస్కుల కోసం రూపొందిన పద్ధతి, బాగుంటుంది గానీ పూర్తిగా ఫ్లాష్ స్టోరేజీ ఉన్నవారికే. పాత స్కాన్లు దాచుకోవడానికి, ఫైళ్లు పంచుకోవడానికి నాస్ (నెట్‌వర్కు మీద ఫైళ్లు అందించే స్టోరేజీ పెట్టె) చాలు. సర్వర్ ఒక్కటే ఉంటే శాన్ ఆలోచనే వద్దు, డిస్కులు దానిలోనే పెట్టించి బ్యాకప్‌కు వేరే పెట్టె కొనండి.