పోస్ట్‌గ్రెస్‌లో సొంత టైపుల వెతుకులాట: తొమ్మిదేళ్ల వాడకం తర్వాత

పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌తో నాది తొమ్మిదేళ్ల కాపురం. అంతకుముందు మూడేళ్లు ఒరాకిల్ డేటాబేస్. మా డేటాబేస్‌లో మేం తయారు చేసుకున్న డేటా టైపులే అరవై పైన ఉంటాయి: ఎనమ్‌లు (ముందే రాసిపెట్టిన విలువల జాబితా), డొమైన్‌లు (ఉన్న టైపుకే షరతు తగిలించినవి), కాంపోజిట్‌లు (కొన్ని ఫీల్డులు కలిపి కట్టినవి). వాటిలో ఏ టైపులో ఏముందో చూసుకోవడం నాకు రోజూ ఉండే పని. మౌస్‌తో వాడే పీజీఅడ్మిన్‌లో టైపు మీద నొక్కి ఎస్‌క్యూఎల్ ట్యాబ్ తెరిస్తే క్రియేట్ టైప్, అంటే ఆ టైపుని తయారు చేసే కమాండ్, మొత్తం వండి వడ్డించినట్టు కనిపిస్తుంది. కానీ ప్రొడక్షన్ సర్వర్‌లో మాకు టెర్మినలే గతి. కాబట్టి ఇక్కడ చెప్పేదంతా టెర్మినల్‌లో పోస్ట్‌గ్రెస్‌ని అడిగే ప్రోగ్రామ్ పీఎస్‌క్యూఎల్ గురించే.

ఎనమ్‌ల వరకు హాయిగా ఉంటుంది. బ్యాక్‌స్లాష్, చిన్న డీ, పెద్ద టీ, ప్లస్, పక్కన టైపు పేరు. ఎలిమెంట్స్ అనే గడిలో విలువలన్నీ వరసగా పడతాయి. డొమైన్‌కి టీ బదులు పెద్ద డీ కొడితే చెక్ షరతు కూడా చూపిస్తుంది. కాంపోజిట్ దగ్గరే తిరకాసు. పెద్ద టీతో అడిగితే సైజు దగ్గర టపుల్ అని రాసి ఊరుకుంటుంది. లోపలి ఫీల్డులు కావాలంటే టేబుల్‌ని చూసినట్టు ఒట్టి చిన్న డీతో అడగాలి. ఇది తెలియక మొదట్లో చాలాకాలం పాత మైగ్రేషన్ ఫైళ్లు (డేటాబేస్‌లో చేసిన మార్పుల స్క్రిప్టులు) తవ్వుకున్నాను.

నన్ను బాగా ఏడిపించింది మాత్రం సెర్చ్ పాత్. డేటాబేస్‌లో టేబుళ్లు, టైపులు పెట్టుకునే విభాగాలని స్కీమాలంటారు; ఒట్టి పేరు రాస్తే దాన్ని ఏ స్కీమాల్లో, ఏ వరసలో వెతకాలో చెప్పే సెట్టింగే ఇది. ఒక రాత్రి ఆర్డర్లు పడటం ఆగిపోయాయి. 'రిటర్న్‌డ్' అనే విలువ ఆర్డర్ స్టేటస్ ఎనమ్‌లో చెల్లదని ఎర్రర్. నేను పీఎస్‌క్యూఎల్‌లో చూస్తే ఆ విలువ నిక్షేపంగా ఉంది! కనెక్షన్ తప్పేమో, కాష్ ఏమో అని గంటన్నర టెన్షన్ పడ్డాం. చివరికి టీమ్‌లో కొత్తగా చేరిన అమ్మాయి, "అన్నా, టేబుల్‌లో టైపు పేరు ముందు ఇంకో పేరు, చుక్క ఉన్నాయి, చూశారా?" అంది. అదే పేరుతో పాత స్కీమాలో ఇంకో ఎనమ్ ఉంది. స్టేటస్ కాలమ్ దాన్ని పట్టుకుని వేలాడుతోంది. నా సెషన్ సెర్చ్ పాత్‌లో పాత స్కీమా లేదు కాబట్టి నాకు పబ్లిక్ అనే స్కీమాలోదే కనిపించింది. అప్లికేషన్‌కి పాత స్కీమాయే ముందు ఉండటంతో ఎర్రర్‌లో స్కీమా పేరు రాలేదు. అప్పటినుంచి టైపు పేరుతో వెతకడం మానేశాను. ముందు టేబుల్ చూసి, ఆ కాలమ్ ఏ టైపు అంటుందో అదే వెతుకుతాను.

ఇంకో చిరాకు: కొన్ని ఓఆర్ఎమ్‌లు (ప్రోగ్రామ్ కోడ్‌ని డేటాబేస్ టేబుళ్లతో కలిపే లైబ్రరీలు) ఇంగ్లిష్ పెద్ద అక్షరాలు కలిపి టైపు పేర్లు పెడతాయి. వాటిని డబుల్ కోట్స్‌లో పెట్టకుండా అడిగితే అన్నీ చిన్న అక్షరాలుగా మార్చేసుకుని, అలాంటిదేమీ లేదంటుంది.

నేరుగా పీజీ టైప్ కేటలాగ్‌లో, అంటే పోస్ట్‌గ్రెస్ తన టైపులన్నీ రాసుకునే సొంత టేబుల్‌లో, వెతకాలనుకునేవాళ్లకి ఒక మాట. ప్రతి టేబుల్‌కీ దాని పేరుతోనే ఒక వరుస టైపు, దానికి తోడు ఒక అరే (జాబితా) టైపు అందులో ఉంటాయి. వడపోయకుండా సెలెక్ట్ కొడితే వందల వరుసలు మీద పడతాయి. నేను ఈ కేటలాగ్ నేర్చుకున్నది పీఎస్‌క్యూఎల్‌ని పెద్ద 'ఈ' ఆప్షన్‌తో తెరిచి. అలా తెరిస్తే ప్రతి బ్యాక్‌స్లాష్ కమాండ్ వెనక నడిచే క్వెరీ తెర మీదకి వస్తుంది. ఎనమ్ విలువలు తీసేటప్పుడు వాటి వరసని దాచే ఎనమ్ సార్ట్ ఆర్డర్ కాలమ్ ప్రకారమే తీయండి. 2కీ 3కీ మధ్య కొత్త విలువ చేరిస్తే దానికి 2.5 ఇస్తుంది. అందుకే ఆ కాలమ్ పూర్ణాంకం కాదు.

నా అసలు ఫిర్యాదు వేరే ఉంది. ఫంక్షన్ నిర్వచనం, వ్యూ నిర్వచనం తిరిగి రాసిచ్చే ఫంక్షన్లు పోస్ట్‌గ్రెస్‌లో ఉన్నాయి. టైపుకి లేదు. ఒరాకిల్‌లో డీబీఎంఎస్ మెటాడేటా గెట్ డీడీఎల్ అని ఒక్క లైను రాస్తే వచ్చేసేది. ఇక్కడ డేటా లేకుండా నిర్మాణం మాత్రమే ఫైల్‌లోకి డంప్ తీసి, అందులో గ్రెప్ కొట్టి (టెర్మినల్‌లో పదం వెతికే కమాండ్) చూడాలి. తొమ్మిదేళ్లుగా గ్రెప్ కొడుతూనే ఉన్నాను.

ఈమధ్య విసుగొచ్చి ఎనమ్‌కి క్రియేట్ టైప్ అల్లి ఇచ్చే క్వెరీ ఒకటి రాసి, పీఎస్‌క్యూఎల్ తెరవగానే చదువుకునే పీఎస్‌క్యూఎల్‌ఆర్‌సీ ఫైల్‌లో సెట్ చేసుకున్నాను. కాంపోజిట్‌లకి రాయడం ఇంకా సగంలో ఉంది. కొత్త సర్వర్‌లోకి అడుగు పెట్టగానే మొదట కాపీ చేసేది ఆ ఫైలే.