మర్జ్ క్యూబ్‌తో కణం పాఠం: ముందు ఉల్లిపొర, ఆ తర్వాతే ఇది

మర్జ్ క్యూబ్ అంటే గుప్పెట్లో పట్టే స్పాంజి ఘనం. ఆరు ముఖాల మీదా వేర్వేరు గుర్తులుంటాయి. యాప్ తెరిచి ఫోన్ కెమెరా పెడితే తెర మీద ఘనం బదులు కణం కనిపిస్తుంది, చేతిలో తిప్పితే తిరుగుతుంది. కణాన్ని అట్టముక్కలా పలచగా ఊహించుకునే ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకు కేంద్రకం గోళమనీ, దాన్ని ఆనుకుని అంతర్జీవ ద్రవ్యజాలం (పలుచని పొరల వల) మడతలు మడతలుగా ఉంటుందనీ ఇట్టే తెలుస్తుంది. నల్లబల్ల మీద ఎంత చక్కగా గీసినా వెనకవైపు చూపలేం కదా!

స్పాంజిదే కొనక్కర్లేదు, కాగితం మీద ముద్రించుకునేదీ ఉంది. మందపాటి, మెరుపు లేని కాగితమే వాడండి. లామినేషన్ వద్దు: ట్యూబులైటు వెలుగు తళుక్కుమంటే కెమెరా గుర్తుల్ని పోల్చుకోలేదు. ఇంకు వెలిసినట్టు పడ్డా అదే ఇబ్బంది. బొమ్మ వణుకుతున్నా, మాయమవుతున్నా ముందు వేళ్లు చూడండి, ముఖాన్ని కప్పేస్తుంటాయి. ఎదురెదురు మూలల దగ్గర రెండు వేళ్లతో పట్టుకుని, ఫోన్‌ను జానెడు పైన ఉంచితే నిలుస్తుంది. నలుగురికో ఫోన్ చాలు. యాప్, పాఠం ముందురోజే దింపి తెరిచి చూసుకోవాలి. పూర్తి పాఠాలకు చందా ఉంది.

అసలు జాగ్రత్త కొలతల దగ్గర. 20 మైక్రోమీటర్ల కణాన్ని 7 సెంటీమీటర్లకు పెంచితే 3,500 రెట్లు. ఆ లెక్కన 25 నానోమీటర్ల రైబోజోమ్ (కణంలో ప్రోటీన్లు తయారుచేసే రేణువు) 0.09 మిల్లీమీటర్లే, కంటికి ఆనదు. ఇలాంటి నమూనాల్లో మాత్రం గింజల్లా స్పష్టంగా కనిపిస్తాయి. ఈ లెక్క పిల్లల చేతే బల్ల మీద చేయించండి. రంగులూ కల్పితమే.

అందుకే మొదట ఉల్లిపొర తీసి, సఫ్రానిన్ అనే ఎర్ర రంగు చుక్క వేసి, సూక్ష్మదర్శినిలో కణకవచం, కేంద్రకం చూపించాలి. క్యూబ్ తర్వాత. అప్పుడు "ఉల్లిపొరలో ఈ పచ్చవి లేవేం?" అని అడుగుతారు. వెలుతురు తగలని భూగర్భ పొర కాబట్టి పచ్చరంగునిచ్చే హరితరేణువులు ఉండవు. హైడ్రిల్లా ఆకును రంగు వేయకుండా నీటి చుక్కలో పెట్టి చూపిస్తే అవి పచ్చగా, కొన్నిసార్లు కదులుతూ కూడా కనిపిస్తాయి. ఆ కదలిక ఏ క్యూబ్‌లోనూ దొరకదు. సూక్ష్మదర్శిని లేని బడి క్యూబ్‌కు పెట్టే డబ్బు ముందు దానికే పెట్టాలి.