ట్యూబ్‌లైటు కింద పుదీనా: 16 నెలల తర్వాత

కూకట్‌పల్లిలో మేముండేది మొదటి అంతస్తు. మా బాల్కనీకీ పక్క అపార్ట్‌మెంట్ గోడకీ మధ్య ఆరడుగులు కూడా ఉండవు, ఎండ లోపలికి రాదు. మూడుసార్లు పుదీనా వేశాను. మూడుసార్లూ కాడలు సన్నగా సాగి, ఆకులు గోరంత అయి, నెల తిరిగేసరికి పోయాయి. గుంటూరులో అమ్మ కుళాయి పక్కన ఊరికే గుచ్చిన కాడలు గుబురుగా అల్లుకుంటాయి. ఇక్కడ నాకు చారెడు ఆకు రాకపోవడం నిజంగా బాధగా ఉండేది. అందుకే లైటు కొన్నాను.

మొదట కొన్నది ఆన్‌లైన్‌లో దొరికే గులాబీ రంగు గ్రో లైటు, అంటే మొక్కల కోసమే చేసిన లైటు, బల్లకు క్లిప్పుతో పట్టించేది. దాని కింద మొక్క పెరగలేదని అనను. కానీ ఆ వెలుగులో ఆకు నల్లగా కనిపిస్తుంది, పచ్చగా ఉందో పసుపెక్కిందో తెలియదు. రెండో నెలలో ఎర్రనల్లి పురుగు పట్టింది. ఆకు మీద సన్నటి తెల్ల చుక్కలు, అడుగున సాలెగూడు లాంటి దారాలు. తెల్ల లైటయితే మొదటి వారంలోనే కనిపెట్టేదాన్ని. నేను గమనించేసరికి రెండు కుండీలు పాడయ్యాయి. ఐదో నెలలో దాని అడాప్టర్ కూడా కాలిపోయింది.

తర్వాత మా వీధిలోని ఎలక్ట్రికల్ షాపులో 20 వాట్ల మామూలు తెల్ల ఎల్ఈడీ ట్యూబులు రెండు తెచ్చి, యుటిలిటీలో అర కింద పక్కపక్కనే బిగించాను. పెట్టె మీద 6500 కెల్విన్ అని ఉంది, అంటే పగటి వెలుగు లాంటి తెలుపు. పదకొండు నెలలుగా నాలుగు కుండీలూ వీటి కిందే ఉన్నాయి. పుదీనాకి ప్రత్యేకమైన లైటు అక్కర్లేదని ఇప్పుడు గట్టిగా చెప్పగలను.

అసలు సంగతంతా ఎత్తులో ఉంది. మొదట ట్యూబుల్ని రెండడుగుల పైన పెట్టాను. గది నిండా వెలుగు కనిపించినా కాడలు మళ్ళీ సాగడం మొదలుపెట్టాయి, కణుపుకీ కణుపుకీ మధ్య రెండంగుళాలు. మన కంటికి చాలా అనిపించే వెలుగు మొక్కకి చాలదు. బయట మిట్టమధ్యాహ్నం ఎండ లక్ష లక్స్ (వెలుగుని కొలిచే లెక్క) దాకా ఉంటుంది, ఇంట్లో లైటు కింద వేలల్లో ఉంటేనే ఎక్కువ. కుండీల కింద ఇటుకలు పేర్చి, ఆకుల కొసలకీ ట్యూబుకీ మధ్య జానెడు దూరం ఉండేలా చూశాక రెండు మూడు వారాల్లోనే తేడా తెలిసింది. కొత్త కణుపులు దగ్గరగా వచ్చాయి, ఆకు వెడల్పయింది, వాసన కూడా పెరిగింది. ఎల్ఈడీ పెద్దగా వేడెక్కదు కాబట్టి అంత దగ్గరున్నా ఆకు మాడలేదు.

రోజుకి 14 గంటలు వెలిగిస్తాను. 16 పెట్టి చూసిన నెలలో కొన్ని కొమ్మల చివర పూమొగ్గలు వచ్చాయి. అవి తుంచేసి మళ్ళీ 14కి తెచ్చాను. తిప్పే టైమర్ పెట్టుకున్నవాళ్ళకి ఒక మాట: కరెంటు పోతే అదీ ఆగిపోతుంది, నాలుగు కోతలయ్యాక లైటు అర్ధరాత్రి దాకా వెలుగుతుంది. వారానికోసారి సరిచేసుకోవాలి. ఖర్చు నెలకి సుమారు 17 యూనిట్లు, మాకు దాదాపు వంద రూపాయలు.

నీళ్ళ దగ్గర నేను పెద్ద పొరపాటు చేశాను. ఆర్వో నుంచి వృథాగా పోయే నీళ్ళే కదా అని రెండు నెలలు అవే పోశాను. వాటిలో ఉప్పు ఎక్కువ. మట్టి పైన తెల్లటి పొర కట్టి, ఆకు అంచులు గోధుమరంగుకి తిరిగాయి. ఇప్పుడు కుళాయిలో వచ్చే మంజీర నీళ్ళే, అవీ పైమట్టి వేలికి పొడిగా తగిలినప్పుడే పోస్తాను. ఎర్రనల్లికి వారానికోసారి ఆకుల్ని తిరగేసి కుళాయి ధార కింద కడుగుతాను. మరీ ఎక్కువైతే కుంకుడు రసంలో కలిపిన వేపనూనె చల్లి, వారం పది రోజులు ఆ కుండీ జోలికి పోను.

ఇక దిగుబడి. కణుపుకి కాస్త పైన కత్తిరిస్తే అక్కడ రెండు కొమ్మలు వస్తాయి. నాలుగు కుండీల మీద దాదాపు ఇరవై రోజులకోసారి ఒక చిన్న కట్టంత ఆకు, ఇంట్లో నలుగురికి ఒక పూట పచ్చడి. మధ్యలో టీలోకి, రైతాలోకి నాలుగేసి ఆకులు ఎప్పుడూ ఉంటాయి, నాకు అదే ఎక్కువ సంతోషం. ఎండలో పెరిగినదానికంటే ఆకు కొంచెం పలచన, ఘాటూ కాస్త తక్కువే. బిర్యానీ చేసే రోజు మాత్రం రైతుబజారు కట్టలే తెస్తాను. రోజూ మూడు నాలుగు గంటలు ఎండ పడే కిటికీ ఉన్నవాళ్ళు లైటు కొనకండి, ఆ కిటికీ చాలు. మాలాంటి ఇళ్ళకైతే తప్పకుండా పెట్టుకోమంటాను.

పాత కుండీల్లో వేర్లు అడుగుదాకా చుట్టుకుపోయి కాడలు ముదిరాయి. ఈ వారం కొసలు తుంచి గ్లాసు నీళ్ళలో పెట్టాను. ఆరో రోజుకి తెల్లటి వేర్లు కనిపించాయి. ఆదివారం ఎర్రమట్టి, కోకోపీట్, వర్మీకంపోస్టు కలిపి రెండు కుండీలు కొత్తగా నాటాలి.