నర్సింగ్ ట్యూటర్‌గా మారాలనుకునే సిస్టర్లకు ఎమ్మెస్సీ మెంటల్ హెల్త్ నర్సింగ్ ఏ మేరకు పనికివస్తుంది?

ఎనిమిదేళ్లు మానసిక వైద్య వార్డులో స్టాఫ్ నర్సుగా పనిచేసిన తరువాత, బోధన వైపు రావాలన్న కోరికతో రెండేళ్ల ఎమ్మెస్సీ నర్సింగ్‌లో మెంటల్ హెల్త్ విభాగాన్ని ఎంచుకున్నాను. చదివింది ఒక ప్రైవేటు కళాశాలలో. దాని పేరు ఇక్కడ రాయడం లేదు. ప్రస్తుతం బీఎస్సీ విద్యార్థులకు ట్యూటర్‌గా పాఠాలు చెబుతున్నాను కనుక, ఆ కోర్సు ఎక్కడ ఉపయోగపడిందో, ఎక్కడ నిరాశపరిచిందో అనుభవంతోనే చెప్పగలను.

మొదటి సంవత్సరంలో ఉండే నర్సింగ్ ఎడ్యుకేషన్ పేపరే నాకు అన్నిటికన్నా ఎక్కువ మేలు చేసింది. లెసన్ ప్లాన్ గడులు నింపడం కొంతకాలానికి గుమాస్తా పనిలా అనిపించిన మాట నిజమే గాని, మైక్రో టీచింగ్ మాత్రం కళ్లు తెరిపించింది. ఒకే ఒక బోధనా నైపుణ్యాన్ని తీసుకుని, తోటి విద్యార్థుల ముందు కొద్ది నిమిషాలు పాఠం చెప్పి, లోపాలు విని, మళ్లీ చెప్పాలి. ప్రశ్న అడిగిన మరుక్షణమే జవాబు కూడా నేనే చెప్పేస్తున్నానని మా మేడమ్ మొదటి రోజే పట్టుకున్నారు. కుంగుబాటుతో మాట పెగలని రోగి పక్కన పది నిమిషాలు నిశ్శబ్దంగా కూర్చోగలిగిన నేను, తరగతిలో మూడు సెకన్ల మౌనాన్ని భరించలేకపోయాను. వార్డులో నాకు బాగా వచ్చిన పనినే పాఠం చెప్పేటప్పుడు మరిచిపోతున్నానని అప్పుడు అర్థమైంది.

రోగితో జరిగిన సంభాషణను ఉన్నదున్నట్టు రాసి పరిశీలించే ప్రాసెస్ రికార్డింగ్ గురించి కూడా చెప్పాలి. నర్సుకూ రోగికీ మధ్య ఏర్పడే సంబంధమే చికిత్సలో భాగమని 1952లో అమెరికన్ నర్సు హిల్డెగార్డ్ పెప్లౌ ప్రతిపాదించిన ఆలోచనను మేము బీఎస్సీలో పరీక్ష కోసం బట్టీ పట్టినవాళ్లమే. ఎమ్మెస్సీలో మాత్రం రోగి అన్న మాట, నేను అన్న మాట, ఆ క్షణంలో నాకు కలిగిన భావం వరుసగా రాసి, ఆ కాగితంతో గైడ్ ఎదుట కూర్చోవలసి వచ్చేది. ఇప్పుడు ఐదో సెమిస్టర్ విద్యార్థులు తొలిసారి రోగితో మాట్లాడి, పేరైనా అడగకుండానే ‘మీకు ఏవైనా గొంతులు వినిపిస్తున్నాయా?’ అని మొదలుపెట్టినప్పుడు, నేను మందలించను. జరిగిన సంభాషణను అలాగే రాసుకు రమ్మంటాను. తప్పు ఎక్కడుందో చాలామందికి రాస్తుండగానే తెలిసిపోతుంది.

ఇక లోపాల విషయానికి వస్తే, మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లో వచ్చి 2018 మే నుంచి అమలులో ఉన్నా, మాకిచ్చిన నోట్సులో 1987 నాటి పాత చట్టమే ఉంది. కొత్త చట్టం రోగిని గొలుసులతో కట్టడాన్నీ, ఏకాంత నిర్బంధాన్నీ, మత్తుమందూ కండరాలను సడలించే మందూ లేకుండా కరెంటు చికిత్స ఇవ్వడాన్నీ నిషేధించింది. తన చికిత్స ఎలా ఉండాలో ముందుగానే రాసిపెట్టుకునే హక్కును రోగికి ఇచ్చింది. ఇవి రోజూ వార్డులో నర్సు చేతుల మీదుగా నడిచే సంగతులు. వీటిని సొంతంగా చదువుకోకపోయి ఉంటే నా విద్యార్థులకు రద్దయిన చట్టాన్నే బోధించి ఉండేదాన్ని.

క్లినికల్ పోస్టింగ్, అంటే ఆసుపత్రి వార్డులో ఇచ్చే శిక్షణ, మరో సమస్య. కళాశాలకు సొంత మానసిక వైద్య విభాగం లేనందున బస్సులో వేరే ఆసుపత్రికి తీసుకువెళ్లేవారు. అక్కడ నాలుగు కళాశాలల విద్యార్థులు ఒకే రోగి మంచం చుట్టూ మూగేవారు. ఆ రోగికి అది ఎలా ఉండి ఉంటుందో ఎవరూ అడగలేదు. నాకు వార్డు అనుభవం ముందే ఉంది కాబట్టి నష్టం తెలియలేదు గాని, ప్రవేశానికి కావలసిన ఒక్క ఏడాది అనుభవంతో, అదీ వేరే విభాగంలో పనిచేసి వచ్చిన నా సహాధ్యాయులు, డిగ్రీ చేతికొచ్చాక కూడా ఉద్రేకంలో ఉన్న రోగి దగ్గరకు వెళ్లడానికి జంకేవారు.

నైట్ డ్యూటీలు పోయాయన్న ఊరట ఉన్నా, ప్రైవేటులో ట్యూటర్‌గా నాకు వచ్చే జీతం వార్డులో వచ్చినదానికన్నా తక్కువేనని దాచకుండా చెబుతున్నాను. చేరేముందు పోస్టింగ్ ఏ ఆసుపత్రిలో, ఒక్కొక్క బృందంలో ఎందరు, వెంట ట్యూటర్ ఉంటారా అన్నది సీనియర్లనే అడిగి తెలుసుకోండి, ప్రాస్పెక్టస్‌ను నమ్ముకోవద్దు. నేను చదివిన కోర్సుకు ఐదింటికి మూడు మార్కులు వేస్తాను. ఆ మూడిట్లో రెండు మైక్రో టీచింగ్‌కే.