ట్రాలీ ముక్కుకు జాకీ: ఏండ్లు వాడినంక నా మాట

రెండు టైర్ల ట్రాలీ గురించి కొత్తగ చెప్పేదేం లేదు. ఎన్ని బస్తాలు పడుతయో, హైడ్రాలిక్ ఎట్ల లేస్తదో మన నల్లగొండ రైతులకు ఎరుకే. నేను రాసేది ముక్కు దగ్గర, అంటే ట్రాక్టర్‌కు తగిలించే ముందటి కొస దగ్గర, వెల్డింగ్ చేయించుకున్న స్క్రూ జాకీ ఒక్కదాని గురించే. హ్యాండిల్ తిప్పితే ముక్కు లేస్తది, ఇంకో దిక్కు తిప్పితే దిగుతది. అంతే వస్తువు. అయినా ట్రాలీ మొత్తంల నాకు అన్నిటికన్న ఇష్టమైంది అదే.

అది లేనప్పుడు ట్రాలీ ఇప్పితే ముక్కు కింద మొద్దో రాళ్లో పేర్చెటోళ్లం. మళ్ల తగిలియ్యాలంటే మనుషుల కోసం ఎదురుచూసుడు. ఇద్దరు ముగ్గురు ముక్కు లేపాలె, ఒకడు తగిలించే పిన్ను పట్టుకొని ఇంజనుకు (ట్రాక్టర్‌కు) ట్రాలీకి నడుమ నిలబడాలె. డ్రైవర్ కాలు క్లచ్ మీదికెల్లి జారితే ఆ నడుమ ఉన్నోడు ఏమైతడో చెప్పనక్కర లేదు. ఇప్పుడు ఇంజను కదిలేటప్పుడు నడుమ ఎవ్వరూ ఉండరు. ముందే ముక్కును హుక్కు ఎత్తుకు తెచ్చిపెడత. ఇంజను ఎనుకకు తెచ్చి, బంద్ చేసి, బ్రేక్ లాక్ ఏసి, అప్పుడు దిగి జాకీని కొంచెం కొంచెం తిప్పుకుంట రంధ్రాలు కలిపి పిన్ను దించుత.

దాని అసలు విలువ తెలిసింది మిర్యాలగూడల. సాగర్ ఎడమ కాల్వ కింద కోతలు అందరియి ఒక్కసారే పడతయి. హార్వెస్టర్ కోసిన సన్నాలు పచ్చియే ట్రాలీల పోసుకొని మిల్లుకు పోతం. మిల్లుకు వచ్చే వంతు చెప్పే టోకెన్లు పెట్టినప్పుడు కొంత నయం గని, వడ్లు ఎక్కువ దిగిన రోజు రోడ్డు పొడుగునా ట్రాక్టర్లే. అట్లాంటి ఒక రాత్రి, లైన్ల ఉండంగనే నా ఇంజను క్లచ్ పోయింది. ముందట జాగ ఖాళీ అయితుంది, ఎనుకోళ్లు హారన్ కొడుతున్నరు. పచ్చి వడ్లు ట్రాలీల ఎంతసేపు ఉంటే అంత ఉడుకెక్కుతయి, రంగు మారితే రేటు కోస్తరు. రోడ్డు మీద కుమ్మరిద్దామంటే మళ్ల ఎత్తేదెవరు?

మా బావమరిది తన ఇంజను తెచ్చిండు. అది వేరే కంపెనీది, హుక్కు నా దానికన్న జానెడు ఎత్తుల ఉన్నది. నిండు లోడు ముక్కును జానెడు లేపుడు పదిమందితోటి కూడ అయ్యే పని కాదు. ముందుగాల ట్రాలీ టైర్లకు ముందర, ఎనుక రాళ్లు అడ్డం పెట్టినం. జాకీ కింద మందం చెక్క ఏసి, బరువు పిన్ను మీదికెల్లి జాకీ మీదికి వచ్చేదాక తిప్పిన. పిన్ను వేళ్లతోటే వచ్చింది. గేర్ న్యూట్రల్ చేసి నా ఇంజనును నలుగురు నూకి పక్కకు పెట్టిండ్రు. బావమరిది ఎనుకకు వచ్చి ఆగినంక ముక్కును ఆ జానెడు లేపిన. రంధ్రాలు కలిసినయి, పిన్ను దిగింది, క్లిప్పు పడ్డది, గొలుసులు తగిలినయి. ఎనుక ట్రాలీ ఆయన దిగొచ్చి జాకీ ఏడ చేయించినవని అడిగిండు. ఒక్క గింజ కింద పడకుండ నా వంతుకే మిల్లు లోపలికి పోయినం.

ఆ సంబురంల "ఇంక మనిషే అవసరం లేదు" అని ఊరంత చెప్పిన. ఆ మాట కొంచెం తగ్గించుకోవాలె. జాకీ ఎత్తు కలుపుతది గని పక్కకు జరపది. ఇంజను బెత్తెడు అటో ఇటో ఆగితే మళ్ల ఎక్కాల్సిందే; దూరంగ నిలబడి చెయ్యి చూపే మనిషి ఉంటే పని తొందరగ అయితది. నల్లరేగడిల చెక్క లేకుంటే పాదం దిగబడతది. మన్ను, ఊక మరలల్ల చేరి గట్టిపడతది, కోతలకు ముందు గ్రీజు పెట్టక తప్పదు. జాకీని పైకి మలిచి ఆపే చిన్న పిన్ను కూడ అరిగి వదులైంది. అది జారితే జాకీ స్పీడ్ బ్రేకర్‌కు తగులుతది, అందుకే ట్యూబు ముక్కతోటి కట్టి తోలుతున్న.

ఇంకో సంగతి. జాకీ ఉన్నా బరువు సరిగ పడకుంటే లాభం లేదు. ఎనుక బరువు ఎక్కువుంటే పిన్ను గుంజంగనే ముక్కు పైకి ఎగురుతది, మొఖానికి తగులుతది. తోలేటప్పుడు కూడ ట్రాలీ ఊగుతది. ముందట మరీ ఎక్కువైతే ఇంజను ముందు టైర్లు తేలి స్టీరింగ్ అందది. ఇంగ్లండ్‌ల కార్లకు కారవాన్లు తగిలించుకొని తిరిగెటోళ్లు కూడ ఇసొంటి జాకీనే, కింద చిన్న చక్రంతోటి, వాడతరు. మొత్తం బరువుల 5 నుంచి 7 శాతం ముక్కు మీద పడేటట్టు సర్దుకుంటరు. మన ట్రాలీకి ఆ లెక్క అట్లనే పనికిరాదు గని, ముక్కు ఎప్పుడూ కిందికే ఒత్తాలె అన్నది ఇద్దరికీ ఒక్కటే.

రెండేండ్లకోసారి దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతరకు వంటసామాను, టెంటు ఇదే ట్రాలీల పోతయి. మనుషులను మాత్రం ఎక్కియ్య, వాళ్లు బస్సుల వస్తరు. 2018ల వద్దిపట్ల దగ్గర, వేములకొండ దగ్గర కూలీల ట్రాక్టర్లు కాల్వల పడ్డ సంగతి మరిచేది కాదు. బయలుదేరే ముందు పిన్ను క్లిప్పు చేతితోటి గుంజి చూస్త. ముక్కు ఊడినా రోడ్డుకు తగలకుండ గొలుసులు రెండూ కింద ఒకదాని మీద ఒకటి దాటేటట్టు తగిలిస్త. ఎనుక లైట్ల వైరు కలిపి, జాకీ పూర్తిగ పైకి మలిచిందా అని ఒంగి చూస్త.

నాలుగు టైర్ల ట్రాలీ ఉన్నోళ్లకు ఇది దండుగ, దాని ముక్కు మీద బరువే పడది. ఇంట్ల ఇద్దరు ముగ్గురు మొగోళ్లున్నా అంత అవసరం పడకపోవచ్చు. మా పిల్లలు హైదరాబాద్‌ల ఉంటరు, నేను ఒక్కన్నే తోలుకుంట, అందుకే నాకు ఇంత పనికొచ్చింది. పెట్టించుకునేటోళ్లు వెల్డింగ్ షాపుకు ఇంజను కూడ తీసుకపోవాలె. తగిలించి, స్టీరింగ్ రెండు దిక్కులా పూర్తిగ మలిపి, పెద్ద టైరు హ్యాండిల్‌కు తగలని జాగ చూసుకున్నంకనే వెల్డింగ్ ఏపియ్యుండ్రి.