కౌంటీ జైలు సెర్చ్ పేజీలతో ఆరేళ్లు: ఒక డాలస్ తెలుగువాడి సమీక్ష

మా ఫ్రిస్కో తెలుగువాళ్లకి నేను రెండు పనులకి గుర్తొస్తాను. ఒకటి వినాయక చవితికి మండపం కట్టించడం. రెండోది, ఎవరి పిల్లాడైనా రాత్రి ఇంటికి రాకపోతే ఏ జైల్లో ఉన్నాడో కనుక్కోవడం. ఈ రెండోది నేను కోరి తెచ్చుకున్నది కాదు. 2019 జనవరి ఆఖర్లో మిషిగన్‌లో ఫార్మింగ్టన్ అనే ఉత్తుత్తి యూనివర్సిటీ బాగోతం బయటపడి, ఇమ్మిగ్రేషన్ వాళ్లు 130 మంది విద్యార్థుల్ని పట్టుకున్నారు. వాళ్లలో 129 మంది మన దేశం పిల్లలే, చాలామంది తెలుగువాళ్లు. తలో కౌంటీ (మన జిల్లా లాంటిది) జైల్లో చెదిరిపోయిన పేర్లని వెతకడానికి ఎవరికి ఓపికుందని మా సంఘం మీటింగులో అడిగితే అందరూ నావైపే చూశారు. ఆ చూపు ఇంకా మళ్లలేదు.

ముందే తేల్చి చెప్పేస్తాను. నిన్నో మొన్నో అరెస్టయిన మనిషిని వెతకడానికి ఆ కౌంటీ షెరీఫ్ (జైలు నడిపే పోలీసు పెద్ద) ఆఫీసు సొంత సెర్చ్ పేజీని మించింది లేదు. డబ్బు కట్టక్కర్లేదు, లాగిన్ అక్కర్లేదు. పేరు కొడితే ఎప్పుడు లోపలికి తీసుకున్నారు, ఏ పోలీసులు పట్టుకున్నారు, నేరం ఏమిటి, బాండ్ (బెయిలు సొమ్ము) ఎంత అన్నీ ఒకే వరసలో కనిపిస్తాయి. కొన్ని కౌంటీల పేజీలు ఇండియా నుంచి తెరుచుకోవు, కాబట్టి అక్కడున్న అమ్మానాన్నలు ఇక్కడివాళ్లని పట్టుకోవాల్సిందే.

చిక్కంతా ఏ తలుపు తట్టాలో తెలియడంలో ఉంది. టెక్సస్‌లో 254 కౌంటీలు, కౌంటీకో షెరీఫ్, షెరీఫ్‌కో సైటు. అన్నిటినీ ఒకేచోట వెతికే సర్కారు పేజీ లేదు. మనిషి ఎక్కడ కాపురముంటున్నాడన్నది కాదు, ఎక్కడ దొరికాడన్నదే లెక్క. మా ఫ్రిస్కో కొంత కాలిన్ కౌంటీలో ఉంటే కొంత డెంటన్‌లో ఉంది. డాలస్ నగరమైతే ఐదు కౌంటీల్లోకి పాకింది. ఇర్వింగ్‌లో పట్టుకుంటే డాలస్ కౌంటీకి చెందిన లూ స్టెరెట్ జైలు, ప్లేనోలో అయితే చాలావరకూ మెకిన్నీలోని కాలిన్ జైలు, నార్త్ టెక్సస్ యూనివర్సిటీ దగ్గర అయితే డెంటన్. అందుకే ఫోన్ రాగానే నేను మూడు ట్యాబులు ఒకేసారి తెరుస్తాను, ఏ ఊరో అడక్కముందే. ఎందుకంటే అడిగితే రూమ్మేట్లు చెప్పేది తప్పయ్యే అవకాశమే ఎక్కువ. "మన అపార్ట్‌మెంట్ దగ్గరే అన్నా" అంటారు, చూస్తే హైవే మీద పన్నెండు మైళ్ల అవతల.

ఇంకో సంగతి. ఊరి పోలీసులు చాలాచోట్ల ముందు తమ లాకప్‌లోనే పెడతారు. టెక్సస్ చట్టం ప్రకారం 48 గంటల్లోపు మేజిస్ట్రేట్ ముందు నిలబెట్టాలి. ఆ లోపల బాండ్ కట్టి బయటికొచ్చేస్తే అసలు కౌంటీ జైలు మొహమే చూడకపోవచ్చు. కౌంటీకి పంపినా వేలిముద్రలు, ఫొటో, ఆరోగ్యం ప్రశ్నలు అన్నీ అయ్యేదాకా పేరు సైటులోకి ఎక్కదు. శుక్రవారం రాత్రయితే ఇది ఇంకా నత్తనడక. కాబట్టి "రికార్డు లేదు" అని వచ్చిందంటే మనిషి లోపల లేడని కాదు. మొదటి ఏడాది ఈ ముక్క తెలియక ఒకాయనకి "మీవాడు అరెస్టవలేదు సార్, నిశ్చింతగా పడుకోండి" అని చెప్పాను. తెల్లారి ఆయన మళ్లీ ఫోన్ చేసినప్పుడు నా గొంతులో తడి ఆరిపోయింది. ఇప్పుడు ఖాళీ ఫలితం వస్తే ఆ ఊరి పోలీసుల మామూలు నంబరుకి ఫోన్ చేసి అడుగుతాను. 911 కాదు, దయచేసి.

ఇక అసలు కథ, మన పేర్లు. ఈ సెర్చ్ గడులు జాన్ స్మిత్‌ల కోసం పుట్టాయి. మన పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒక గడిలో, నాలుగు ముక్కల పేరు ఇంకో గడిలో ఉంటుంది. జైల్లో టైపు చేసే మనిషి తెల్లవారుజామున మూడింటికి ఆ నాలుగు ముక్కల్లో ఏది దొరికితే దాన్ని ఇంటిపేరు చేసేస్తాడు. ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్న పాస్‌పోర్టు ఇంకో తంటా. వీసా మీద ఎఫ్ఎన్‌యూ, అంటే పేరు తెలియదు అని పడిపోతుంది, జైలు రికార్డులో ఆ మూడక్షరాలే అతని పేరవుతాయి.

ఒక సెప్టెంబర్ శనివారం పొద్దున ఏడింటికి ఫోన్ వచ్చింది. "అన్నా, మావాడు రాత్రి పార్టీ నుంచి రాలేదు, ఫోన్ ఎత్తట్లేదు." మూడు కౌంటీల్లోనూ కొట్టాను. ఇంటిపేరుతో లేదు. మధ్య పేరుతో లేదు. మొదటి మూడక్షరాలతో కొడితే వందమంది వచ్చారు. సరే, పుట్టినతేదీతో వెతుకుదామని అడిగాను.

"ఆగస్టు 14 అన్నా, మొన్నే కదా కేక్ కోశాం."

కొట్టాను. ఎవరూ లేరు. అప్పుడు వెలిగింది.

"అది కేక్ డేటా, సర్టిఫికెట్ డేటా?"

అవతల అంతా నిశ్శబ్దం. చివరికి నెల్లూరులో వాళ్లమ్మగారికి ఫోన్ కలిపారు. ఆవిడకి అప్పటికి సంగతి పూర్తిగా తెలియదు. "బళ్లో వేసేటప్పుడు మాస్టారే జూన్ 5 అని రాసేశాడు బాబూ, ఎందుకూ?" అంది. నేను జవాబు చెప్పకుండా 05-06 అని కొట్టాను. మళ్లీ లేదు. అమెరికాలో నెల ముందు రాయాలి కదా, ఆ గడి దాన్ని మే 6 అనుకుంది. తిప్పి కొడితే ఒక్కటే వరస వచ్చింది: పేరులోని చివరి ముక్క ఇంటిపేరయిపోయింది, అసలు ఇంటిపేరు ఎక్కడా లేదు. లోపలికి తీసుకున్న సమయం తెల్లవారుజామున 2:41. తాగి బండి నడపడం. బాండ్ 1,000 డాలర్లు. పక్కన ఫొటో, చొక్కా గుండీ ఒకటి ఊడి, కళ్లు ఎర్రగా. వాళ్లమ్మ ఇంకా లైన్లోనే ఉంది.

ఆ రోజు నుంచి పేరుకంటే ముందు పదో తరగతి సర్టిఫికెట్ మీద ఉన్న తేదీ అడుగుతున్నాను. పుట్టినతేదీ గడి ఉన్న సైటుకి నా దగ్గర పది మార్కులు ఎక్కువ. లేని సైటు, ఎంత అందంగా ఉన్నా, మనకి సగమే పనికొస్తుంది. హ్యూస్టన్ వైపు హ్యారిస్ కౌంటీలో మనిషికో ఎస్‌పీఎన్ నంబరు ఇస్తారు. అది ఒకసారి దొరికితే పేరు గొడవే ఉండదు, రాసి పెట్టుకోండి.

బాండ్ గడి చదవడం కూడా ఒక విద్యే. అంకె కనిపిస్తే అంత కట్టాలి, లేదా బాండ్లవాడికి సాధారణంగా అందులో పదోవంతు ఇస్తే అతను పూచీ పడతాడు. ఆ పదోవంతు మళ్లీ రాదు. మొత్తం మనమే కడితే, కోర్టు వాయిదాలన్నిటికీ వెళ్తే, కేసు ముగిశాక ఫీజు పోను వెనక్కి వస్తుంది. గడిలో సున్నా ఉంటే అది ఫ్రీ అని మురిసిపోకండి. ఇంకా మేజిస్ట్రేట్ చూడలేదని కావచ్చు, బాండే లేదని కావచ్చు. "హోల్డ్" (వదలకుండా ఆపమని) అని ఉండి పక్కన ఇమ్మిగ్రేషన్ పేరు ఉంటే ముందు లాయర్ని పిలవండి, బాండ్లవాణ్ని తర్వాత.

దీనికో చేదు అనుభవం ఉంది. ఏ కౌంటీయో చెప్పను. పేజీలో "రిలీజ్డ్" అని పడింది. పిల్లాడి అన్నయ్య ఖమ్మంలో కొబ్బరికాయ కొట్టించాడు. రూమ్మేట్లు జైలు గుమ్మం దగ్గర కారులో నాలుగు గంటలు కూర్చున్నారు. ఎవరూ బయటికి రాలేదు. కౌంటీ లెక్కలో విడుదలే, కాకపోతే వెనక గుమ్మం నుంచి ఇమ్మిగ్రేషన్ వాళ్ల బండిలోకి. అలాంటప్పుడు చూడాల్సింది ఐస్ (ఆ ఇమ్మిగ్రేషన్ వాళ్ల సంస్థ పేరే) డిటైనీ లొకేటర్, అంటే వాళ్లు పట్టుకున్నవాళ్లని వెతికే పేజీ. అక్కడ ఏ-నంబరు (ఇమ్మిగ్రేషన్ వాళ్లు మనిషికి ఇచ్చే నంబరు), పుట్టిన దేశం ఇస్తే దొరుకుతుంది. ఏ-నంబరు లేకపోతే పేరు అక్షరం పొల్లుపోకుండా ఇవ్వాలి, మన పేర్లకి అదెంత కష్టమో చెప్పాను కదా. ఓపీటీ (చదువుకి తోడుగా ఇచ్చే పని అనుమతి) మీద పనిచేసే పిల్లలకి ఈఏడీ అనే పని అనుమతి కార్డు మీద యూఎస్‌సీఐఎస్ నంబరు అని తొమ్మిది అంకెలుంటాయి, అదే ఏ-నంబరు. ఆ కార్డు ఫొటో ఇంట్లో ఎవరో ఒకరి ఫోన్లో ఉండాలి. మనిషిని మార్చాక ఆ లొకేటర్లోకి పేరు ఎక్కడానికి ఆ రోజు మాకు మర్నాటి మధ్యాహ్నం దాకా పట్టింది.

వేరే రాష్ట్రాల నుంచి ఫోన్ వస్తే వైన్‌లింక్ అనే సైటు వాడతాను. 1993లో కెంటకీలోని లూయివిల్‌లో ఒక అమ్మాయిని, బెయిలు మీద బయటికొచ్చిన మాజీ స్నేహితుడు ఆమె 21వ పుట్టినరోజునాడే చంపేశాడు. అతను విడుదలైన సంగతి ఆమెకి ఎవరూ చెప్పలేదు. ఆ మరుసటి ఏడు పుట్టిందీ వ్యవస్థ. బాధితుల కోసం పెట్టింది, కానీ ఎవరైనా నమోదు చేసుకోవచ్చు. మనిషి విడుదలైనా, వేరే జైలుకి మారినా మెసేజ్ వస్తుంది. భర్త కొట్టిన కేసుల్లో ఇద్దరు చెల్లెళ్లకి దీన్నే పెట్టించాను. నా జాబితాలో గూగుల్ కంటే ముందుండేది ఇదే.

గూగుల్ అన్నాను కాబట్టి, దాని జోలికి మాత్రం పోకండి. "అరెస్ట్ రికార్డ్స్ ఫ్రీ" అని కొడితే పైన వచ్చేవన్నీ డబ్బు గుంజే సైట్లే. పేరు కొట్టగానే ఒక పచ్చ గీత మెల్లగా పాకుతుంది, "క్రిమినల్ రికార్డులు దొరికాయి!" అంటుంది, ఐదు నిమిషాలు తినేసి కార్డు నంబరు అడుగుతుంది. నేనూ ఒకసారి డాలరు ట్రయల్ కట్టాను. వచ్చింది ఆ పిల్లాడి పాత అడ్రసు, నాకు వాడు చెప్పినదే. ఆ తర్వాత మూడు నెలలు కార్డు మీద డబ్బులు లాగుతూనే ఉన్నారు.

వీటికంటే పాపిష్టివి మగ్‌షాట్ సైట్లు. కౌంటీ పేజీ నుంచి ఫొటోలు దండుకుని వేలాడదీస్తాయి. ఫొటో తీసెయ్యాలంటే డబ్బు అడిగిన ఒక సైటు యజమానులు నలుగురి మీద 2018లో కాలిఫోర్నియాలో బలవంతపు వసూళ్ల కేసే పెట్టారు. టెక్సస్‌లో 2013 నుంచి ఇలాంటి సైట్ల మీద చట్టం ఉంది. అయినా మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల ముందు ఈ సైట్లు ఎంత? నెల్లూరు కుర్రాడి ఫొటో స్క్రీన్‌షాట్ ఆ సాయంత్రానికే వాళ్ల ఊరి గ్రూపులో తిరిగింది. పంపింది మగ్‌షాట్ సైటు కాదు, ఇదే ప్లేనోలో మనతో కలిసి పులిహోర తినే మనిషి.

అయినా ఈ రికార్డులు అందరికీ తెరిచి ఉండటం మంచిదనే నేనంటాను. పోలీసులు పట్టుకెళ్లిన మనిషి ఎక్కడున్నాడో ఇంటివాళ్లకి తెలియకపోవడం ఎలా ఉంటుందో మన తరానికి చెప్పక్కర్లేదు. ఇంటివాళ్లకి చెప్పాలని, జిల్లా కంట్రోల్ రూములో నోటీసు పెట్టాలని మన దేశంలో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది. 2024 జులై నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 37వ సెక్షన్ కూడా అరెస్టయినవాళ్ల వివరాలు ప్రతి స్టేషన్లో, డిజిటల్‌గా కూడా, ప్రదర్శించాలంటోంది. కానీ అక్కడ మా బంధువుల అబ్బాయి కోసం నేను వెతికినప్పుడు పనికొచ్చింది స్టేషన్ ఎదురుగా టీకొట్టు ఆయన.

నెల్లూరు కుర్రాడి కేసు తర్వాత కోర్టు కొట్టేసింది. అంతటితో అయిపోయిందనుకున్నాడు. 2025 ఏప్రిల్‌లో వేలమంది విద్యార్థుల సెవిస్ రికార్డులు (విదేశీ విద్యార్థుల సర్కారు చిట్టా) ఉన్నట్టుండి రద్దయ్యాయి. పోలీసు డేటాబేసులో పేరు తగలడమే చాలామంది విషయంలో కారణం, కేసు కొట్టేసినవాళ్లకీ తగిలింది. కోర్టుల్లో దావాలు పడ్డాక నెలాఖరుకి పునరుద్ధరించారు. ఆ మూడు వారాలు నాకు వచ్చిన ఫోన్లన్నీ ఒకటే: "అన్నా, నా పేరు ఇంకా ఎక్కడైనా వస్తోందేమో చూడవా?" కేసు కొట్టేసినా బుకింగ్ రికార్డు దానంతట అది పోదు. దాన్ని చెరిపించడానికి ఎక్స్‌పంక్షన్ అని వేరే పిటిషన్ వేసుకోవాలి. ఆ ఆర్డరు కాపీ పంపితే మగ్‌షాట్ సైటు కూడా తీసెయ్యాలని టెక్సస్ చట్టం, అయితే ఒక్కోదానికి విడిగా పంపాలి.

మొన్న ఆదివారం ఆ కుర్రాడే ఫోన్ చేశాడు. జూన్ 5, నెల ముందు, కొట్టాను. కౌంటీ పేజీలో ఏమీ లేదు. అదే చెప్పాను. తర్వాత వాడు అడక్కపోయినా గూగుల్ రెండో పేజీకి వెళ్లి చూశాను. గుండీ ఊడిన చొక్కా అక్కడే ఉంది. ఎక్స్‌పంక్షన్ ఆర్డరు కాపీ స్కాన్ చేసి పంపమన్నాను, ఇంకా పంపలేదు.